10 నెలల పాప, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక నీళ్ళ విరేచనాలు. ప్రోబయోటిక్ బుడ్డీలు ఎన్ని రోజులు వేయాలి?

తెనాలి_కోడలు | సోమవారం, రాత్రి 10:52

అక్కలూ, అమ్మలూ, కాస్త ధైర్యం చెప్పండి. మా పాపకి 10 నెలలు. చెవిలో ఇన్ఫెక్షన్ అని డాక్టర్ గారు శుక్రవారం యాంటీబయాటిక్ సిరప్ రాశారు. అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసి ఉన్నది. జ్వరం తగ్గింది, చెవి పట్టుకుని ఏడవడం తగ్గింది. కానీ నిన్నటి నుంచి విరేచనాలు. ఈ రోజు పొద్దుటి నుంచి ఏడు సార్లు, పసుపు నీళ్ళలాగా. డైపర్ తీసేటప్పుడే ఏడుస్తోంది, కింద అంతా ఎర్రగా కందిపోయింది.

మెడికల్ షాపులో అడిగితే ప్రోబయోటిక్ అని, అంటే కడుపుకి మంచి చేసే బ్యాక్టీరియా ఉన్నవి అని, 5 ఎం.ఎల్. ప్లాస్టిక్ బుడ్డీలు పది ఇచ్చారు, రోజుకి రెండు పోయమన్నారు. ఓఆర్ఎస్ కూడా ఒక ప్యాకెట్ ఇచ్చారు. ప్యాకెట్ కొంచెం విప్పి, గ్లాసు నీళ్ళలో ఒక చెంచా కలిపి పట్టాను, తాగలేదు. అత్తగారు పెరుగన్నం పెడితే చాలు, ఈ మందులన్నీ వద్దు అంటున్నారు. మా ఆయన ఇంకో కంపెనీ ప్రోబయోటిక్ చుక్కలు తెస్తానంటున్నారు. అసలు ఈ బుడ్డీలు ఎన్ని రోజులు వేయాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

---

డాలస్_తల్లి | సోమవారం, రాత్రి 11:10

పాప పాలు తాగుతోందా? మూత్రం ఎన్ని గంటల కిందట పోసింది? ముందు అది చెప్పండి.

---

తెనాలి_కోడలు | సోమవారం, రాత్రి 11:14

నా పాలు తాగుతోంది అక్కా. మూత్రం 9 గంటలప్పుడు పోసింది. ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయి.

---

ఖమ్మం_నర్సమ్మ | సోమవారం, రాత్రి 11:31

అమ్మా, నేను పిల్లల వార్డులో 19 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. పాలు తాగుతోంది, మూత్రం పోస్తోంది, కన్నీళ్ళు వస్తున్నాయి అంటున్నారు కాబట్టి ఈ రాత్రికి భయపడకండి. బుడ్డీల సంగతి రేపు మాట్లాడదాం. ఈ రాత్రి సరిచేయాల్సింది మీ ఓఆర్ఎస్.

గ్లాసులో ఒక చెంచా పొడి వేయడం తప్పు. ఆ ప్యాకెట్ మీద చూడండి, ఎన్ని నీళ్ళలో కలపాలో రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి ఒక లీటరు నీళ్ళలో. చిన్న ప్యాకెట్ అయితే 200 ఎం.ఎల్.లో. కొంచెం కొంచెం తీసి కలిపితే ఉప్పు ఒకసారి ఎక్కువ అవుతుంది, ఒకసారి తక్కువ అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకి పొడి మొత్తం 20.5 గ్రాములు: 13.5 గ్లూకోజ్, 2.6 మామూలు ఉప్పు, 1.5 పొటాషియం క్లోరైడ్, 2.9 సిట్రేట్. పేగులో సోడియం, గ్లూకోజ్ చేయి చేయి పట్టుకుని లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్ళు వెళ్తాయి. ఆ కొలత చెడితే పని చెడుతుంది. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లకి ప్రమాదం కూడా.

మీది పెద్ద ప్యాకెట్ అయితే ఇప్పుడే ఇలా చేయండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు సీసాతో కొలిచి, గిన్నెలో పోసి ప్యాకెట్ మొత్తం కలపండి. రుచి చూస్తే కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. పాలసీసా వద్దు, చెంచాతో పట్టండి. నిమిషానికో రెండు నిమిషాలకో ఒక చెంచా. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 ఎం.ఎల్. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకా నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టండి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. చనుబాలు అడిగినప్పుడల్లా ఇవ్వండి, ఒక్క పూట కూడా ఆపకండి.

రేపు పొద్దున డాక్టర్ గారికి ఫోన్ చేసి జింక్ గురించి అడగండి. ఆరు నెలలు దాటిన బిడ్డకి రోజుకి 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్, జింక్ రెండూ ఉంటాయి. యాంటీబయాటిక్ మీ అంతట మీరు ఆపేయకండి, మార్చాలా వద్దా ఆయన్నే అడగండి.

---

తెనాలి_కోడలు | మంగళవారం, ఉదయం 6:20

నర్సమ్మగారూ, రాత్రి మీరు చెప్పినట్టే చెంచాతో పట్టాను. మొదట మొహం తిప్పుకుంది. మా ఆయన ఎత్తుకుని కిటికీ దగ్గర వీధిలైటు చూపిస్తుంటే నేను పక్క నుంచి చెంచా పెట్టాను. రెండు గంటల్లో ఒక పెద్ద గ్లాసు తాగింది. తెల్లారేలోపు రెండే విరేచనాలు. మూత్రం బాగా పోసింది. మీ రుణం తీర్చుకోలేను.

---

గోదారి_అమ్మమ్మ | మంగళవారం, ఉదయం 8:05

తల్లీ, నాకు 66 ఏళ్ళు. మనవరాలు చదివి వినిపిస్తే రాయిస్తున్నాను. మీ అత్తగారి మాటలో తప్పు లేదు, పెరుగు పెట్టండి. ఏ పూటకి ఆ పూట తోడుపెట్టిన కమ్మటి పెరుగు, మెత్తగా ఉడికిన అన్నంలో వేళ్ళతో మెదిపి. పుల్లబడిన పెరుగు వద్దు.

కానీ ఒక మాట చెప్పాలి. మా రోజుల్లో లంఖణం పరమౌషధం అనేవాళ్ళు. పెద్దవాళ్ళ అజీర్తికి అన్న మాటని పసిపిల్లలకి కూడా పెట్టేవాళ్ళు. మా తమ్ముడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఇలాగే విరేచనాలు పట్టుకున్నాయి. పాలు ఆపారు, నీళ్ళు పోస్తే ఇంకా వెళ్తుందని నీళ్ళు కూడా ఆపారు. వాడు కుండ వైపు చేయి చాపేవాడు. నాకు అప్పుడు ఎనిమిదేళ్ళు. నేను చాటుగా దోసిలితో నీళ్ళు తీసుకెళ్తుంటే మా నాయనమ్మ చేయి మీద కొట్టింది. మూడో రోజు పొద్దుటికి వాడి మాడు గుంటపడింది, కళ్ళు లోపలికి పోయాయి. ఆ సాయంత్రం పోయాడు. నాయనమ్మకి వాడంటే ప్రాణం, తెలియక చేసింది. తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్ళే ఇచ్చేది.

అందుకే ఈ చెంచా నీళ్ళ మాట చూడగానే రాయాలనిపించింది.

---

ఖమ్మం_నర్సమ్మ | మంగళవారం, ఉదయం 9:40

అమ్మమ్మగారూ, మీరు రాసింది మా వార్డు గోడ మీద అంటించాలి. విరేచనాలతో వచ్చిన బిడ్డ తల్లికి నేను మొదట చెప్పే మాట అదే: లోపలికి పోసేది బయటికి పోయేదానికంటే ఎక్కువ ఉండాలి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చింది. సెలైన్ సీసాలు అయిపోతే దిలీప్ మహలనబిస్ అనే డాక్టర్ గారు ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పెట్టి, రోగుల ఇంటివాళ్ళ చేతే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. ఆయన పోయాక 2023లో పద్మ విభూషణ్ ఇచ్చారు. ఓఆర్ఎస్ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఆయన గుర్తొస్తారు.

---

మందులషాపు_తమ్ముడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

అక్కా, నేను ఫార్మసిస్టుని, సొంత షాపు. మీకు ఇచ్చినవి బాసిల్లస్ క్లాసీ బుడ్డీలు అనుకుంటాను. బుడ్డీకి 200 కోట్ల స్పోర్లు ఉంటాయి. స్పోరు అంటే గట్టి పెంకులో నిద్రపోయే బ్యాక్టీరియా. అందుకే వీటికి ఫ్రిజ్ అక్కర్లేదు, యాంటీబయాటిక్‌కి కూడా చావవు. వాడే ముందు బాగా ఊపాలి, అడుగున చేరిపోతాయి. ఇంకో రకం సాచెట్లు, సాక్రోమైసిస్ బౌలార్డీ. అది ఈస్ట్, కాబట్టి దాని మీద కూడా యాంటీబయాటిక్ పనిచేయదు. లాక్టోబాసిల్లస్ రకాలైతే యాంటీబయాటిక్‌కి రెండు గంటలు ఎడం ఉంచాలి. ఏదైనా సరే వేడి పాలలో కలపొద్దు, చచ్చిపోతాయి.

జనం వచ్చి "మోషన్స్‌కి ఏదైనా ఇవ్వు" అంటారు. ప్రోబయోటిక్ ఇస్తే వాళ్ళకి మందు ఇచ్చినట్టు ఉంటుంది. ఓఆర్ఎస్ ఇస్తే "ఇది కాదు, మందు ఇవ్వు" అంటారు. అందరం అలవాటు పడిపోయాం. విరేచనాలు గట్టిగా ఆపే మాత్రలు, లోపెరమైడ్ లాంటివి, చిన్నపిల్లలకి నేనైతే ఇవ్వను. మీరూ ఎవరిచ్చినా తీసుకోవద్దు.

---

సూక్ష్మజీవి_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:47

నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్తాను. డాక్టర్‌ని కాదు. అయినా "ప్రోబయోటిక్ మంచిదా" అనే ప్రశ్నే సరిగ్గా లేదని పిల్లలకి రోజూ చెప్తుంటాను, ఇక్కడా అదే చెప్తాను. "మాత్ర మంచిదా" అని ఎవరైనా అడుగుతారా? ఏ మాత్ర, ఏ జబ్బుకి అని అడుగుతారు. ఇక్కడ కూడా ఏ జాతి, అందులో ఏ స్ట్రెయిన్ (ఉపరకం), ఏ జబ్బుకి, ఎంత మోతాదు అని అడగాలి.

మీ పాప విషయంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు ఒకటి. మామూలు వైరస్ విరేచనాలు ఇంకొకటి.

మొదటిదానికి ఆధారం బాగానే ఉంది. 2019లో, వైద్య అధ్యయనాల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ వాళ్ళు 33 అధ్యయనాలు, ఆరు వేలకు పైగా పిల్లల వివరాలు కలిపి చూశారు. యాంటీబయాటిక్‌తో పాటు ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్ళలో 8 శాతానికి విరేచనాలు వచ్చాయి, ఇవ్వనివాళ్ళలో 19 శాతానికి. మేలు చేసేవిగా వాళ్ళు ముందు పెట్టినవి లాక్టోబాసిల్లస్ రామ్నోసస్, సాక్రోమైసిస్ బౌలార్డీ. ఒక మెలిక ఉంది. ఇది రాకుండా చూసుకోవడం గురించి, అంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టినప్పటి నుంచే ఇవ్వాలి. విరేచనాలు పట్టుకున్నాక మొదలుపెడితే ఈ లెక్క అలాగే వర్తించదు.

రెండోదానికి ఆధారం అంత గట్టిది కాదు. 2018 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రెండు పెద్ద అధ్యయనాలు పక్కపక్కనే వచ్చాయి. అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది చిన్నపిల్లలు. విరేచనాలతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళకి ఐదు రోజులు ఇచ్చారు, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్ళకీ వీళ్ళకీ తేడా కనబడలేదు. యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల బృందం 2020లో కొన్ని స్ట్రెయిన్లకి "వాడి చూడొచ్చు" అంది, అదీ బలహీనమైన సిఫారసే. బాసిల్లస్ క్లాసీ మాత్రం ఈ విరేచనాలకి వద్దనే వైపు మొగ్గింది. అది హాని అని వాళ్ళు అనలేదు, మేలు చేస్తుందని చూపించే ఆధారం చాలలేదు.

కాబట్టి తెనాలి అమ్మాయీ, ఆ పది బుడ్డీలు ఎన్ని రోజులు అన్న మీ ప్రశ్నకి నా జవాబు: అవి వేసినా వేయకపోయినా మీ పాప కోలుకోవడంలో పెద్ద తేడా ఉండదు. డాక్టర్ గారిని అడిగి ఆయన మాట ప్రకారం చేయండి. ఇంకో కంపెనీ చుక్కలు మాత్రం కొనకండి.

---

కరీంనగర్_నాన్న | మంగళవారం, రాత్రి 9:20

మాస్టారూ, మరి మన దేశంలో పసిపిల్లలకి ప్రోబయోటిక్ ఇస్తే ప్రాణాలు నిలిచాయని ఎక్కడో చదివాను. అది అబద్ధమా?

---

సూక్ష్మజీవి_మాస్టారు | మంగళవారం, రాత్రి 9:58

నిజమే, చాలా గొప్ప పని అది. ఒడిశా పల్లెల్లో చేశారు, 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. 4,556 మంది అప్పుడే పుట్టిన పిల్లలు, అందరూ చనుబాలు తాగేవాళ్ళు, రెండు కిలోల బరువుకి తగ్గనివాళ్ళు. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒకే స్ట్రెయిన్, దానికి మేతగా ఫ్రక్టో ఆలిగోసాకరైడ్ అనే చక్కెర, రోజుకో మోతాదు చొప్పున ఏడు రోజులు. రెండు నెలల వయసు లోపు రక్తంలో ఇన్ఫెక్షన్ లేదా మరణం, ఉత్తుత్తి మందు వాళ్ళలో 9 శాతం, వీళ్ళలో 5.4 శాతం.

ఆ స్ట్రెయిన్‌ని ఎంచుకోవడానికే వాళ్ళు ఏళ్ళ తరబడి వెతికారు. పేగులో అతుక్కుని నిలబడేది కావాలని ఒక్కొక్కటీ పరీక్షించారు. షాపులో దొరికే ఏదో ఒక సీసా తీసుకుని "ఒడిశాలో పనిచేసింది కదా" అనుకుంటే ఆ శ్రమకి అర్థం లేదు.

---

నెల_ముందు_పుట్టిన_బుజ్జి | బుధవారం, ఉదయం 7:12

నా మాట కూడా వినండి. మా బాబు 30 వారాలకే పుట్టాడు, 1,250 గ్రాములు. పసిపిల్లల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) 41 రోజులు. ఇంటికి తెచ్చాక గ్యాస్‌తో మెలికలు తిరుగుతుంటే బంధువులావిడ ప్రోబయోటిక్ చుక్కలు ఇచ్చి "ఇది మందు కాదు, ఏమీ కాదు" అంది. నేను పోయబోతూ ఆగి మా డాక్టర్ గారికి ఫోన్ చేశాను. ఆయన గొంతు మారిపోయింది. నెలలు నిండని పిల్లల్లో ఆ బ్రతికున్న బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్ళొచ్చు, ఎన్‌ఐసీయూలో మేము ఇచ్చినా లెక్క చూసుకుని ఇస్తాం, ఇంట్లో మీరు వేయకండి అన్నారు. 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా ఇదే హెచ్చరిక చేసింది, అలాంటి ఉత్పత్తి ఇచ్చిన ఒక పసిబిడ్డ చనిపోయాక.

నెలలు నిండని పిల్లలు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, మెడ నరంలో మందుల గొట్టం (లైన్) పెట్టినవాళ్ళు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్ళు, వీళ్ళకి డాక్టర్ చెప్పకుండా ఒక్క చుక్క కూడా వద్దు. దయచేసి.

---

డాలస్_తల్లి | బుధవారం, ఉదయం 8:30

పైన ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నెలలు నిండిన పిల్లల కోలిక్, అంటే కడుపు పట్టేసినట్టు ఆగకుండా ఏడవడం గురించి నా అనుభవం చెప్తాను.

మా పెద్దవాడు మూడో వారం నుంచి సాయంత్రం ఆరయితే మొదలుపెట్టేవాడు. కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని, మొహం ఎర్రగా చేసుకుని, రాత్రి తొమ్మిదింటి దాకా. అమ్మ ఇండియా నుంచి వీడియో కాల్‌లో వాము నీళ్ళు పట్టమంది. అత్తగారు వస కొమ్ము అరగదీసి పోయమన్నారు. ఇక్కడి డాక్టరమ్మ రెండూ వద్దంది. ఆరు నెలల దాకా చనుబాలు తప్ప నీళ్ళు కూడా వద్దంది. లాక్టోబాసిల్లస్ రియుటెరై డీఎస్ఎమ్ 17938 అనే స్ట్రెయిన్ పేరు కాగితం మీద రాసిచ్చి, చనుబాలు తాగే పిల్లల కోలిక్‌కి ఇది కొంత సాయపడుతుందని ఆధారం ఉంది, డబ్బా పాలు తాగేవాళ్ళకి ఆ నమ్మకం లేదు అని చెప్పింది. రోజుకి ఐదు చుక్కలు. చుక్కలు మొదలుపెట్టిన రెండో వారానికి ఏడుపు సగమయింది. కానీ ఆరో వారం దాటితే కోలిక్ దానంతట అదే తగ్గడం మొదలవుతుంది, మూడు నాలుగు నెలలకి పోతుంది. చుక్కలు తగ్గించాయో, రోజులే తగ్గించాయో నేను ప్రమాణం చేసి చెప్పలేను. రెండోవాడికి చుక్కలు వేయలేదు, భుజాన వేసుకుని నడిచాం, వాడికీ మూడు నెలలకి తగ్గిపోయింది.

---

గోదారి_అమ్మమ్మ | బుధవారం, ఉదయం 11:00

వస కొమ్ము మా ఇంట్లో అందరికీ పోశారు. మాటలు బాగా వస్తాయని. అది ఎందుకు వద్దంటున్నారు నర్సమ్మా? తేనె నాకించడం కూడా వద్దంటోంది మనవరాలు.

---

ఖమ్మం_నర్సమ్మ | బుధవారం, మధ్యాహ్నం 2:45

అమ్మమ్మగారూ, వస పోశాక వాంతులతో, మత్తుగా వచ్చిన పిల్లల్ని నేనే చూశాను. పైగా ఆ కొమ్ము, ఆ సానరాయి, ఆ వేలు, దేని మీద ఏ క్రిమి ఉందో తెలియదు. తేనెలో బోటులిజమ్ క్రిమి స్పోర్లు ఉండొచ్చు. మన పేగులో అవి మొలకెత్తవు, ఏడాది లోపు పిల్లల పేగులో మొలకెత్తి విషం చేస్తాయి, ఒళ్ళు వాలిపోతుంది. అందుకే ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు.

మన పెద్దవాళ్ళ అలవాట్లలో పసిబిడ్డ పేగుకి నిజంగా మంచిది ముర్రుపాలు, దాన్నే కొందరు పిండి పారబోసేవాళ్ళు. బిడ్డ పుట్టిన గంటలోపు పట్టాలి.

---

సూక్ష్మజీవి_మాస్టారు | బుధవారం, సాయంత్రం 6:10

నర్సమ్మగారి మాటకి ఒకటి కలుపుతాను, ఇది చెప్పేటప్పుడు నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది. తల్లిపాలలో ఆలిగోసాకరైడ్లు అనే చక్కెరలు చాలా ఉన్నాయి. వాటిని బిడ్డ అరిగించుకోలేదు. మరి తల్లి ఒళ్ళు అంత కష్టపడి ఎందుకు తయారుచేస్తోంది? బిడ్డ పేగులో ఉండే బిఫిడో బ్యాక్టీరియా కోసం. అది వాటిని తిని ఆమ్లం చేస్తుంది, ఆ ఆమ్లంలో చెడ్డ క్రిములు నిలవలేవు. తల్లి ఒక చనుమొనతో బిడ్డకీ, బిడ్డ కడుపులోని జీవులకీ కలిపి అన్నం పెడుతోందన్నమాట.

పెరుగు గురించి: ఇంటి పెరుగులో బ్రతికున్న లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటుంది, కానీ ఏ స్ట్రెయిన్, ఎంత అన్నది తోడుని బట్టి మారుతుంది. కాబట్టి దాన్ని మందు అనలేం, మంచి ఆహారం అంటాం. పాలకంటే అందులో లాక్టోజ్ కొంచెం తక్కువ, విరేచనాలప్పుడు తేలిగ్గా పడుతుంది. ఇడ్లీ పిండి పులిసింది కదా అని చాలామంది ప్రోబయోటిక్ అంటారు. ఆవిరికి ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఇడ్లీ తేలిగ్గా అరుగుతుంది, అంతవరకు నిజం. తరవాణి, చద్దన్నం పెద్దవాళ్ళకి సరే, రాత్రంతా బయట ఉన్నది పసిపిల్లలకి వద్దు.

---

కరీంనగర్_నాన్న | బుధవారం, రాత్రి 9:05

ఓఆర్ఎస్ పేరుతో రంగు డబ్బాల్లో అమ్మే తియ్యటి డ్రింకులు కొనకండి అని కూడా రాయండి. మా పాపకి ఒకసారి అదే పట్టాం, విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలాంటి డ్రింకుల మీద వాడకూడదని ఆదేశం ఇచ్చింది.

---

మందులషాపు_తమ్ముడు | బుధవారం, రాత్రి 9:31

అవును అన్నా. ఆ డబ్బాల్లో చక్కెర చాలా ఎక్కువ, ఉప్పు చాలా తక్కువ. చక్కెర ఎక్కువైతే నీళ్ళని పేగులోకి లాగుతుంది. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి. మాస్టారు రాసింది చదివాక నేను కూడా ఈ రోజు నుంచి విరేచనాలని వచ్చినవాళ్ళకి ముందు ఓఆర్ఎస్ చేతిలో పెట్టి, కలిపే పద్ధతి చెప్పి, తర్వాతే మిగతాది మాట్లాడుతున్నాను.

---

ఖమ్మం_నర్సమ్మ | గురువారం, ఉదయం 6:50

నైట్ డ్యూటీ దిగి రాస్తున్నాను. ఇలాంటివి కనిపిస్తే ఇంట్లో ఆగకండి: విరేచనంలో రక్తం, ఆరు గంటలుగా మూత్రం లేకపోవడం, మాడు గుంటపడటం, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే నెమ్మదిగా వెనక్కి పోవడం, ఏమీ తాగలేనంత మత్తు, తాగిందంతా వాంతి. మూడు నెలల లోపు పిల్లలకి జ్వరం ఉంటే కూడా.

విరేచనాలు తెప్పించే రోటా వైరస్‌కి టీకా చుక్కలు 6, 10, 14 వారాలకి ఉచితంగా వేస్తారు. 2016లో దేశంలో మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ టీకాని తయారుచేసింది హైదరాబాద్‌లోనే. ఆ చుక్కలు వచ్చాక సెలైన్ ఎక్కించాల్సిన పిల్లలు మా వార్డులో బాగా తగ్గారు.

---

తెనాలి_కోడలు | శనివారం, సాయంత్రం 5:18

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మంగళవారం డాక్టర్ గారిని కలిశాను. చెవి చూసి యాంటీబయాటిక్ ఇంకో రెండు రోజులు వేసి పూర్తి చేయమన్నారు, జింక్ రాశారు. బుడ్డీలు చూపిస్తే, వేసినా నష్టం లేదు, నా దృష్టిలో అవసరం లేదు అన్నారు. నాలుగు వాడాం, ఆరు మిగిలాయి. షాపులో వెనక్కి తీసుకున్నారు.

గురువారం నుంచి విరేచనం చిక్కబడింది. నిన్న రెండు సార్లే. కందిన చోట ప్రతిసారీ నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాస్తున్నాను, ఎరుపు తగ్గింది. అత్తగారికి అమ్మమ్మగారి తమ్ముడి సంగతి చదివి వినిపించాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి వంటింట్లోంచి చిన్న చెంచా తెచ్చి, ఓఆర్ఎస్ నేను పడతానని పాపని ఒళ్ళో వేసుకున్నారు. మధ్యాహ్నం ఆవిడే పెరుగన్నం పెట్టారు, గిన్నె ఖాళీ చేసింది.

జింక్ మాత్ర చెంచాలో నా పాలు పిండి అందులో వేస్తే నిమిషంలో కరిగిపోతోంది. ఈ రోజుకి ఐదు అయ్యాయి, ఇంకా తొమ్మిది ఉన్నాయి. క్యాలెండర్ మీద ఒక్కొక్కటీ టిక్ పెడుతున్నాను.